సూక్ష్మ సిబ్బంది సాధారణ బదిలీలు

బూరుగుమెట్ట కొండపంటల పరిశోధన కేంద్రంలో బాక్టీరియాకు ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది ఆఫీసు సూపరింటెండెంటు ఏకాంబరం దయవల్ల. ఇందులో అతన్ని తప్పు పట్టడానికి లేదు. అతని ఉద్దేశం మంచిదే.

ఆ కొండల మీద నేల పులుపు నేల. అందులో భాస్వరం లేదా అంటే, ఉంది. కానీ మట్టిలోని ఇనుమూ అల్యూమినియమూ దాన్ని బిగించి పట్టుకుని కూర్చుంటాయి. మొక్క వేరు పక్కనే ఉండి అలమటిస్తున్నా ఒక్క రవ్వ వదలవు. ఎరువు బస్తాలు తెచ్చి కుమ్మరించినా నాలుగు వానలు పడేసరికి అదీ వాటి గుప్పిట్లోకే పోతుంది. ఆ గుప్పిట విప్పించే బాక్టీరియా కొన్ని మాత్రం ఆ మట్టిలోనే పుట్టి పెరిగాయి. అవి ఒక రకం ఆమ్లాలు వదిలి, ఇనుము పట్టు సడలించి, భాస్వరాన్ని వేరుకు అందిస్తాయి. కేంద్రంలో శాస్త్రవేత్తగా ఉన్న డాక్టర్ హైమవతి ఏళ్ళ తరబడి అడవి అంచున గడ్డి దుబ్బులు తవ్వి, వాటి వేళ్ళ చుట్టూ ఉన్న మట్టిలోంచి ఆ జాతిని ఏరి తెచ్చింది. ఫ్లాస్కుల్లో పెంచి, బొగ్గుపొడిలో కలిపి రైతులకిచ్చింది.

ముందుగా తీసుకున్నవాడు కొర్రా సోమన్న. కేంద్రం వెనక వాలులో అతనికి మొక్కజొన్న వేసుకునే మడి ఒకటుంది. అందులో పండేది తిండికి చాలక, ప్రతి ఏడూ కోత కాగానే భార్య గౌరమ్మను వెంటబెట్టుకుని పల్లపు జిల్లాల్లోని ఇటుక బట్టీలకు పోయేవాడు. బొగ్గుపొడి వేసిన దగ్గర్నుంచీ పోలేదు. పోకపోవడమే కాదు, ఆ ధైర్యంతో మడికి పైన రాళ్ళు ఏరి, తుప్పలు కొట్టి, దానికి రెండింతలుండే కొత్త మడి చదును చేశాడు.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వానికి పొదుపు గుర్తొచ్చింది. ప్రయోగశాల సామగ్రి పద్దు మూసేశారు. ఫ్లాస్కుల్లోని ప్రాణులకు పంచదార పెట్టకపోతే చస్తాయని హైమవతి దిగులుపడుతుంటే ఏకాంబరం కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"మేడమ్, సామగ్రి పద్దు మూసేశారు గానీ జీతభత్యాల పద్దు తెరిచే ఉంది. ఇవి పనిచేస్తున్నాయా?"

"చేస్తున్నాయి."

"తింటున్నాయా?"

"తింటున్నాయి."

"మరి సిబ్బంది ఎందుక్కావు? ఈ ఆఫీసులో ఆ రెండింట్లో రెండోది మాత్రమే చేస్తూ జీతం తీసుకుంటున్నవాళ్ళు కూడా ఉన్నారు."

హైమవతి నవ్వింది. నవ్వాక ఆలోచించింది. ఆలోచించాక సంతకం పెట్టింది. ఆ రోజు నుంచి ఆ బాక్టీరియా 'ఒప్పంద ప్రాతిపదికన నియమితులైన సూక్ష్మ సిబ్బంది' అయ్యాయి. పంచదార వాటి భోజన భత్యం.

తనిఖీకి సంయుక్త సంచాలకులు మార్తాండరావు గారు వేంచేశారు. ఆయన తనను తాను 'మేము' అనుకునేవారు. ఇంట్లో కూడా అలాగే అనేవారని ప్రతీతి. మైక్రోస్కోపులో ఒక కన్ను పెట్టి చాలాసేపు చూశారు.

"ఇందులో చాలామంది ఊరక ఉన్నారే?"

"కొన్ని కదలవండీ. కదలకుండానే పనిచేస్తాయి," అంది హైమవతి.

"కదలకుండా పనిచేయుట ఉన్నతాధికారుల స్థాయికి మాత్రమే వర్తించును. దిగువ సిబ్బందిలో దానిని ప్రోత్సహించరాదు." ఆయన మళ్ళీ చూశారు. "ఉదయం ఈ పాత్రలో ఎంతమంది ఉండిరి?"

"లక్షల్లో ఉంటాయి."

"ప్రస్తుతం?"

"కోట్లయి ఉంటాయండీ. ఒక్కొక్కటీ చీలి రెండవుతుంది కదా."

మార్తాండరావు గారు మైక్రోస్కోపు మీంచి తల ఎత్తారు. ఆయన మొహంలో రంగు మారింది. "ఎవరి అనుమతితో?"

హైమవతి నోరు తెరిచేలోగా ఆయనే అందుకున్నారు.

"ఒక ఉద్యోగి చీలి ఇద్దరగుట దొడ్డిదారి నియామకం. ఆ రెండవ వ్యక్తి మొదటి వ్యక్తికి సంతానం కూడా అగును గనుక వారసత్వ నియామకం. రెండు నేరములు ఒకే చీలికలో జరిగినవి."

"చీలకపోతే పొడి తయారవదండీ."

"చీలవద్దనుట లేదు. ముందస్తు అనుమతి కోరవలెను."

అప్పటినుంచి ఏకాంబరం రోజూ పొద్దున్నే ఆనాటి చీలికలకు అనుమతి కోరుతూ పైకి రాసేవాడు. అనుమతి పక్షం తిరిగాక వచ్చేది. ఈలోగా చీలినవాటిని గడచిన తేదీ నుంచి చీలినట్టుగా ఆమోదించేవారు. పనికి అడ్డం రాలేదు కాబట్టి హైమవతి ఊరుకుంది. ఆఫీసు పిచ్చి ఆఫీసులోనే ఉంటుందని, మట్టి దాకా రాదని ఆమె నమ్మకం.

జూన్‌లో సాధారణ బదిలీల ఉత్తర్వు వచ్చింది. ఒకే చోట మూడేళ్ళకు మించి పనిచేస్తున్నవారెవరైనా సరే కదలాలి. మార్తాండరావు గారు స్వయంగా ఫోన్ చేశారు.

"మీ సూక్ష్మ సిబ్బంది ప్రస్తుత స్థానంలో ఎప్పటి నుంచి ఉన్నారు?"

ఆయన వేళాకోళానికి అడుగుతున్నారనుకుంది హైమవతి. "ఈ కొండలు పుట్టిన దగ్గర్నుంచీ అయుంటుందండీ."

ఫోన్లో ఆయన గొంతు పెరిగింది.

"ఇంతటి తీవ్రమైన విషయము ఇన్నాళ్ళు మా దృష్టికి ఎందుకు తేలేదు? ఒకే చోట ఉండిన స్థానిక పరిచయములు పెరుగును. ముఖ్యముగా వేళ్ళతో."

వారం లోపల ఉత్తర్వు వచ్చింది. బూరుగుమెట్ట సూక్ష్మ సిబ్బంది యావన్మందినీ పల్లపు ప్రాంతపు నల్లరేగడి కేంద్రానికి, అక్కడి సూక్ష్మ సిబ్బందిని బూరుగుమెట్టకూ బదిలీ చేయడమైనది. హైమవతి ఏకాంబరాన్ని తీసుకుని పెద్దాఫీసుకు పరిగెత్తింది. దారిలో ఏకాంబరం బదిలీ మినహాయింపులన్నీ వల్లెవేశాడు. దీర్ఘరోగం కుదరదు, ఆరోగ్యంగా ఉన్నాయి. సంఘం నాయకత్వం కుదరదు, గుంపుగా ఉంటాయి గానీ సంఘం లేదు. చివరికి భార్యాభర్తలను ఒకేచోట ఉంచే వెసులుబాటు దగ్గర ఆగాడు.

"ఇవి ఒంటరిగా ఉంటాయా మేడమ్?"

"లేదు. వేరునంటుకుని ఉంటాయి. వేరు వీటికి తిండి పెడుతుంది, ఇవి వేరుకు భాస్వరం పెడతాయి."

"ఇంతకంటే కాపురం ఏముంటుంది?" అన్నాడు ఏకాంబరం. అతనికి నిజంగానే ఆశ కలిగింది.

మార్తాండరావు గారు ఈ వాదన శ్రద్ధగా విన్నారు. "సదరు భాగస్వామి ఎవరు?"

"మొక్కజొన్న వేరండీ," అన్నాడు ఏకాంబరం.

"ప్రభుత్వోద్యోగియా?"

"కాదండీ. కొర్రా సోమన్న అనే రైతు పొలంలోది."

"ప్రైవేటు. వర్తించదు."

హైమవతికి ఇక ఆ భాష చేతకాలేదు. "అయ్యా, ఇవి పులుపు నేలలో బతికేవి. అక్కడ సున్నం నేల. తీసుకెళ్ళి వేస్తే చస్తాయి. అక్కడివి ఇక్కడికి తెస్తే అవీ చస్తాయి. ఈ కొండమీద వందల కుటుంబాలు ఈ పొడి నమ్ముకుని విత్తనం వేస్తున్నాయి."

"డాక్టర్ గారూ, మేము సైతం ఎండలు మండు ప్రాంతంలో జన్మించి ఈ ఏసీ గదిలో సర్దుకొనుచున్నాము. సర్దుకొనుట ఉద్యోగధర్మము."

తిరుగు ప్రయాణంలో హైమవతికి కోపం తరవాత వచ్చింది. ముందు వచ్చింది సిగ్గు. ఆ సంతకం పెట్టకపోతే ఇవి ఎవరి కంటా పడకుండా ఏ మూలో బతికేవి.

ఫ్లాస్కులకు వీడ్కోలు సభ జరిగింది. మెడ సన్నగా ఉండే పాత్రలు గనుక దండలు చక్కగా పట్టాయి. శాలువా కప్పితే వెలుతురు తగలదని ఒకరు అభ్యంతరం చెబితే మడిచి పక్కన పెట్టారు. ఏకాంబరం మాట్లాడుతూ, ఇంతకాలం ఒక్క సెలవు చీటీ పెట్టని సిబ్బందిని తన సర్వీసులో చూడలేదని చెప్పి కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు. జీపు వాటిని తీసుకుని కొండ దిగింది. నల్లరేగడిలో పడ్డ కొద్ది రోజులకే ఒక్కటీ మిగల్లేదు. అయితే చనిపోయినట్టు డాక్టరు ధ్రువీకరణ లేదు కాబట్టి దీర్ఘకాలిక సెలవులో ఉన్నట్టు రాసుకున్నారు.

అక్కడి నుంచి వచ్చిన పొడిని రైతులకు పంచమని హైమవతికి ఆదేశం. సోమన్న సంచీ పట్టుకుని వచ్చాడు.

"ఇది మన మట్టిది కాదు సోమన్నా," అంది హైమవతి.

"మీరిస్తన్నదే కదా మేడం."

"ఇస్తున్నాను. కానీ పనిచేస్తుందని చెప్పలేను."

"అలగంటారేటి. మొదటేడు కూడా మీరు సూద్దాం అనే అన్నారు. పండింది." అతను సంచీ భుజాన వేసుకున్నాడు. "కొత్త మడికి ఇదే ఏస్తాను. కింద మడికి ఇప్పుడేటీ అక్కర్లేదు, అది కుదురుకుంది."

ఆమె అడ్డంగా నిలబడి వద్దనాల్సింది. ఇవ్వడానికి మరొకటి చేతిలో లేదు. అనలేదు.

వానలు బాగా పడ్డాయి. మొక్కలు జానెడు లేచాక సోమన్న ఒక మొక్కను వేళ్ళతో సహా పెరికి తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. ఆకులు అంచుల నుంచి లోపలిదాకా ముదురు ఊదా రంగు తిరిగాయి. వేరు బొటనవేలంత కూడా సాగలేదు.

"ఏటి మేడం ఇది? మడంతా వొంకాయ రంగులోకి ఎల్పోనాది."

"భాస్వరం అందట్లేదు."

"నేల్లో ఉందన్నారు కదా?"

"ఉంది. తీసి ఇచ్చేవాళ్ళు లేరు."

"ఏటైపోనారు?"

"బదిలీ అయిపోయారు."

సోమన్న మొక్కను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. అతనికి అది వింతగా అనిపించలేదు. "మా బడి పంతులు కూడా అలగే ఎల్పోనాడు. తాళం ఏసినారు. బడంటే పోనీ మేడం, పిల్లలు ఆడుకుంటన్నారు. ఇది తిండి గదా."

హైమవతి ఆ రోజే పైకి రాసింది. కొత్త సూక్ష్మ సిబ్బంది చచ్చిపోయారని, పొలాలు ఊదా రంగుకు తిరిగాయని, పాతవాటిని మళ్ళీ పెంచడానికి అనుమతి కావాలని. ఆ ఉత్తరంలో మార్తాండరావు గారికి కనిపించింది 'ఊదా' అన్న ఒక్క మాటే. ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకుని మర్నాడే వచ్చారు.

పొద్దుటి ఎండ వాలు మీద పడుతోంది. మంచు విడిపోతోంది. సోమన్న కొత్త మడి మొత్తం ఊదాగా మెరుస్తోంది.

"ఎంత మనోహరము," అన్నారు మార్తాండరావు గారు. "పచ్చని పొలము అనునది కాలం చెల్లిన భావన. మేము వచ్చిన తరువాత ఈ కొండలకు వర్ణము వచ్చినది."

"ఇది జబ్బండీ," అంది హైమవతి. "ఆకలి జబ్బు."

"రైతు దృష్టిలో జబ్బు. శాఖ దృష్టిలో ఊదా విప్లవము."

అదే పేరు ఖాయమైంది. పత్రికల్లో రంగుల బొమ్మలు వచ్చాయి. రోడ్డు మలుపులో బోర్డులు లేచాయి. పట్నం నుంచి కార్లలో జనం దిగారు. పెళ్ళి కుదిరిన జంటలు మడిలోకి దిగి, మొక్కలను కాళ్ళతో పక్కకు నెట్టి, ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటూ ఫొటోలు తీయించుకున్నాయి. సోమన్న మడిని ఆదర్శ క్షేత్రంగా ప్రకటించి, అతని మెడలో ఊదా కండువా వేశారు. ప్రతి మండలానికీ ఊదా లక్ష్యం పెట్టారు. లక్ష్యం అందుకోలేని అధికారులు, రైతులు పశువుల పేడా బూడిదా వేసి రంగు చెడగొడుతున్నారని ఫిర్యాదు చేశారు. దాంతో పేడ వేయడం నిషేధించారు.

కండువా వేసిన రోజున సోమన్న ఒక మాట అడిగాడు. "బాబూ, ఇది కంకి ఏయదు కదా."

మార్తాండరావు గారు అతని భుజం తట్టారు. "కంకి అనునది ఉప ఉత్పత్తి."

అందరూ చప్పట్లు కొట్టారు. గౌరమ్మ మాత్రం కొట్టలేదు. ఆమె మొగుడి మెడలోంచి కండువా తీసి, "రంగు తినలేం కదా, పదండి," అని ఇంటిదారి పట్టింది.

ఆ సభ ముగిసి కారెక్కబోతూ మార్తాండరావు గారు వాలు కిందికి చూశారు. అక్కడ సోమన్న పాత మడి నిండా మొక్కజొన్న నిలువెత్తు పెరిగి, నల్లబడేంత పచ్చగా ఊగుతోంది.

"అది ఏమిటి?"

హైమవతి నిజం చెప్పింది. ఇప్పటికీ ఆమె అలవాటు అదే. "అది పాత మడండీ. రెండేళ్ళు మన పొడి వేశాం. ఆ బాక్టీరియా మట్టిలో స్థిరపడిపోయాయి."

"అనగా బదిలీ అయిన సిబ్బంది ఉత్తర్వును ధిక్కరించి పాత స్థానంలోనే విధులు నిర్వర్తించుచున్నారా?"

"విధులు కాదండీ. బతుకుతున్నాయి."

"ఖాళీ చేయించండి."

ఆయన మాట ఆయనే నిలబెట్టుకున్నారు. తరువాతి వారం పెళ్ళిళ్ళకు వండే పెద్ద గుండిగలు రెండు లారీలో వచ్చాయి. మడి గట్టు మీద పొయ్యిలు పెట్టి నీళ్ళు మరిగించారు. మట్టిని మరిగే నీళ్ళతో తడిపితే అందులో ఉన్నవారు తప్పక వెళ్ళిపోతారని శాఖ అభిప్రాయం. పర్యవేక్షణ బాధ్యత హైమవతిది. ఆమె అక్కడికి వచ్చింది గానీ చేతులు కట్టుకుని నిలబడింది.

"ప్రారంభింపుడు," అన్నారు మార్తాండరావు గారు.

"నేను చేయను."

"కారణము?"

"అవి సిబ్బంది కావు. ఎప్పుడూ కావు. నేను పెట్టిన సంతకం తప్పు. రాసిస్తాను, నా మీద చర్య తీసుకోండి. ఈ మడి జోలికి రాకండి."

"సిబ్బంది కానిచో ఇంతకాలము భత్యము భుజించినది ఎవరు?"

"బాక్టీరియా."

"ఆ బాక్టీరియా ఎవరు?"

"సిబ్బంది కాదు."

"చూచితిరా ఏకాంబరం గారూ, మానసిక ఒత్తిడి," అన్నారు మార్తాండరావు గారు, మనుషుల వైపు సైగ చేశారు.

మొదటి గుండిగ గట్టు వార వరుసల మీద కుమ్మరించారు. తెల్లటి ఆవిరి లేచింది. ఆకులు చూస్తుండగానే వేలాడిపోయాయి. పాలుపోసుకుంటున్న కంకులు మొక్కతో సహా వంగిపోయాయి. సోమన్న వెళ్ళి రెండో గుండిగకూ మడికీ మధ్య కూర్చున్నాడు. గౌరమ్మ అతని పక్కన కూర్చుంది. హైమవతి చెప్పులు విప్పి గౌరమ్మ పక్కన కూర్చుంది.

"నా మీదనే పొయ్యండి బాబూ," అన్నాడు సోమన్న, మామూలు గొంతుతోనే. "నాను సిబ్బందిని కాను గానీ, నానూ ఇక్కడే ఉండిపోనాను."

గుండిగ మోసేవాళ్ళు ఆగిపోయారు. వాళ్ళూ ఆ కొండ కింది ఊళ్ళవాళ్ళే. మార్తాండరావు గారికి మనుషుల మీద వేడినీళ్ళు పోయడానికి సంబంధించిన నిబంధన వెంటనే జ్ఞాపకం రాలేదు. ఆ సందులో ఏకాంబరం ఆయన చెవి దగ్గర వంగాడు.

"అయ్యా, చిన్న మనవి. బలవంతాన ఖాళీ చేయించాలంటే పోలీసులు, పంచనామా, కోర్టు. అంతకంటే అనధికార గైర్హాజరు కింద ఉద్యోగంలోంచి తీసేస్తే సరిపోతుంది కదండీ. తీసేసినవాడు ఎక్కడ కూర్చుంటే మనకేం?"

మార్తాండరావు గారి ముఖం విప్పారింది. శిక్షల్లోకెల్లా పెద్ద శిక్షను నీళ్ళు కూడా కాచకుండా వేయవచ్చునని ఆయనకు తట్టనే లేదు. తొలగింపు ఉత్తర్వు ఆ సాయంత్రమే తయారైంది. అందుకోవడానికి ప్రతివాదులు ముందుకు రానందున, దాన్ని ఒక కర్రకు అంటించి, ఇద్దరు సాక్షుల సమక్షంలో పాత మడి మధ్య పాతారు. గుండిగలు లారీ ఎక్కి ఏదో పెళ్ళికి వెళ్ళిపోయాయి.

ఆ ఏడు కొత్త మడి ఒక్క కంకీ వేయలేదు. ఊదా ఆకులు ఎండి గోధుమరంగుకు తిరిగాయి. గోధుమరంగు ఏ విప్లవం కిందా రాదు కాబట్టి బోర్డులు పీకేశారు. అప్పటికే మార్తాండరావు గారికి బిరుదు వచ్చింది, ఆ బిరుదుతో పాటు రాజధానిలో పెద్ద కుర్చీ. హైమవతిని చేపల పెంపకం శిక్షణ కేంద్రానికి మార్చారు. మట్టితో ఆమెకు పరిచయాలు పెరిగాయన్నది ఆరోపణ.

ఆమె సామాను కట్టుకుంటున్న రోజున సోమన్న వచ్చాడు. మూటతో ఉన్నాడు. గౌరమ్మ ఒళ్ళో ఇంకో మూటతో బయట అరుగు మీద కూర్చుని ఉంది. వాళ్ళు బట్టీకి వెళ్ళిపోతున్నారు. కింద మడిలో నీళ్ళు పడని భాగం పండింది గానీ, అది ఎండాకాలం దాకా రాదు.

హైమవతి అతని మొహంలోకి చూడలేకపోయింది. "నేనే నీ చేతికిచ్చాను ఆ పొడి."

"ఇచ్చినారు. చెప్పి ఇచ్చినారు కదా," అన్నాడు సోమన్న. అందులో ఆమెను ఓదార్చాలన్న ఉద్దేశం లేదు, తప్పు పట్టాలనీ లేదు. "మళ్ళీ ఏడు ఆ పైమడికి ఏటి సెయ్యాలో అది సెప్పండి."

"ఇవాళ వెళ్ళకండి. రేపు వెళ్ళండి. కింద మడిలో పండిన చోట మట్టి, వేళ్ళతో సహా తట్టలకెత్తి పైమడి అంతా చల్లండి. పైన గడ్డి కప్పండి, ఎండ తగలకూడదు. బూడిద ఉంటే వేయండి. మిగతాది అవి చూసుకుంటాయి."

"ఎవులైనా వొచ్చి అడిగితే? ఆళ్ళని తీసేసినారు కదా, మళ్ళీ ఎవులు ఎట్టుకున్నారంటే?"

హైమవతి ట్రంకు పెట్టె మూత వేసి, దాని మీద కూర్చుని గడియ పెట్టింది.

"ఉద్యోగం పోయినవాళ్ళు కూలికొచ్చారని చెప్పు."

సోమన్న నవ్వలేదు. బయటికి వెళ్ళి గౌరమ్మతో ఏదో అన్నాడు. ఆమె మూట దించి, తట్ట కోసం ఇంటివైపు నడిచింది.